కుక్క తోకా, గోదారి ఈతా

ప్రతి ఆదివారం రాజమండ్రి నుంచి మా అమ్మ ఫోను చేస్తుంది. పిల్లాడి చదువు, నా మోకాలి నెప్పి, పక్కింటి వాళ్ళమ్మాయికి వచ్చిన సంబంధం, అన్నీ అయిపోయాక, ఇక పెట్టేస్తానంటూనే గొంతు తగ్గించి అడిగేది: "ఏమే, ఆ రెండూ ఇంకా ఇంట్లోనే ఉంటున్నాయా?"

ఆ రెండూ అంటే మా ఇంటి కుక్కలు. కుక్కలంటే మీరు ఒళ్ళో కూచునే బొచ్చు బొమ్మల్ని ఊహించుకోకండి. ఒకటి లియోన్‌బెర్గర్. పేరు బ్రూనో. అరవై అయిదు కిలోలు. రెండోది గ్రేట్ డేన్. పేరు ఒట్టో. నిలబడితే వీపు నా నడుము దగ్గరికి వస్తుంది. భోజనాల బల్ల మీదున్న పప్పుచారుని మెడ ఎత్తకుండానే వాసన చూడగలదు. ఈ రెండూ, మా ఆయనా, మా పిల్లాడూ, నేనూ కలిసి జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో కాపురం ఉంటున్నాం. మా ఆయన ఆ దేశం మనిషే. ఉద్యోగం పని మీద హైదరాబాదు వచ్చి, నన్ను పెళ్ళి చేసుకుని తీసుకుపోయారు.

పెళ్ళినాడు మా పెద్దత్తయ్య అందరూ వినేట్టే అంది, "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది దీని వ్యవహారం" అని. ఆవిడ సామెతగా అంది. నాకేమో అక్షరాలా నిజమైపోయింది. పైగా లియోన్‌బెర్గర్ జాతికి కాలివేళ్ళ మధ్య బాతుకున్నట్టు చర్మం ఉంటుంది. నీళ్ళంటే ప్రాణం. దీని తోక పట్టుకుంటే గోదారేమిటి, అఖండ గోదావరైనా ఈదెయ్యచ్చు. పెద్దత్తయ్యకి ఈ సంగతి తెలిస్తే సామెత మార్చుకునేది కాబోలు.

సరే, అసలు విషయానికి వస్తాను. పెళ్ళయిన కొత్తల్లో నేను ఈ కుక్కల గురించి ఎవరితో మొర పెట్టుకున్నా ఒకటే జవాబు వచ్చేది. ఉగాదికి కలిసిన మన తెలుగు ఆడవాళ్ళు, "అది వాళ్ళ కల్చర్ కదండీ, మనమే సర్దుకుపోవాలి" అనేవారు. మా ఆయన తరఫు చుట్టాలు సానుభూతిగా చూసి, "పాపం, మీ దేశంలో కుక్కల్ని ఇంట్లోకి రానివ్వరట కదా, మీ సంస్కృతి వేరు, అలవాటవుతుందిలే" అనేవారు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసి నా నోటికి వేసిన తాళం పేరు సంస్కృతి. ఈ తాళం మీదే నా పోట్లాటంతా.

ముందు మన సంస్కృతి సంగతి చూద్దాం. కుక్కంటే మనకి అసహ్యం, మైల, గుమ్మం బయటే దాని చోటు అంటారే, ఆ మాట ఎంతవరకు నిజం? నేను చదివింది బి.ఏ. తెలుగు సాహిత్యం. పెద్ద పండితురాలినేం కాను. కానీ నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లి కుక్క వస్తుంది. దాని పేరు సరమ. ఆడుకుంటూ యజ్ఞశాలలోకి పోయిన దాని పిల్లని, ఏ తప్పూ చెయ్యకపోయినా, జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. సరమ నేరుగా రాజు ముందుకే వచ్చి, ఇది న్యాయమా అని నిలదీస్తుంది. జవాబు చెప్పలేక చక్రవర్తి బెంబేలెత్తిపోతాడు. ఇక భారతం చివరికి వెళ్ళండి. భార్యా తమ్ముళ్ళూ ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్కే. దాన్ని వదిలేస్తేనే స్వర్గమంటే, అలాంటి స్వర్గం నాకొద్దన్నాడాయన. మొదట్లో ఒక కుక్క న్యాయం అడిగింది, చివర్లో ఒక కుక్క న్యాయం పరీక్షించింది. ఇంత కథ తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన జాతికి కుక్క గిట్టదని ఎవరు చెప్పారండీ?

మరి మనకి కుక్కంటే భయం ఎక్కణ్ణించి వచ్చింది? నాకు తెలుసు. 1989లో మా అన్నయ్యని వీధికుక్క కరిచింది. వాడికి పదేళ్ళు. బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున 14 ఇంజక్షన్లు. రోజూ పొద్దున్నే వాణ్ణి రిక్షాలో ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. వాడి ఏడుపు వీధి చివరిదాకా వినపడేది. అప్పుడు నేను చిన్నపిల్లని. ఆ ఏడుపు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఆ పాత రకం మందు మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే నాలుగైదు ఇంజక్షన్లతో సరిపోతుంది. కానీ జబ్బు పోలేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. అలాంటి ఊళ్ళల్లో పుట్టి పెరిగిన మనిషి కుక్కని చూసి రెండడుగులు వెనక్కి వేస్తే దాన్ని సంస్కృతి అనరు, ఒంటిమీద తెలివి అంటారు. జర్మనీలో నక్కల నుంచి వచ్చే రేబిస్ కూడా లేకుండాపోయిందని 2008లో ప్రకటించుకున్నారు. జబ్బు లేనిచోట ధైర్యం దానంతటదే వస్తుంది. అందులో వాళ్ళ గొప్పా లేదు, మన తక్కువా లేదు.

కాబట్టి భయం సంగతి వేరు. అది నాకూ ఉండేది, ఏడాదికల్లా పోయింది. బ్రూనో మొహం చూస్తే ఎవరికైనా పోతుంది. లియోన్‌బెర్గ్ అనే ఊరు మాకు దగ్గరే. 1840ల్లో ఆ ఊరి పెద్ద ఒకాయన, ఊరి చిహ్నంలోని సింహంలా కనిపించే కుక్కని తయారుచెయ్యాలని పూనుకుని ఈ జాతిని పుట్టించాడని చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఇవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలితే, మళ్ళీ వెతికి పోగుచేసి పెంచుకొచ్చారు. సింహం మొహమూ, ఆవు మనసూనూ. ఇక ఒట్టోగాడి జాతిని ఇంగ్లీషువాళ్ళు డెన్మార్కు కుక్క అంటారు, జర్మనులేమో ఇది మా దేశపు కుక్కేనంటారు. పేరులోనే రెండు దేశాల తగువు. మా కాపురానికి తగిన కుక్కే దొరికింది అనుకున్నాను.

మరి భయమూ లేక, మైలా లేక, నాకు వచ్చిన కష్టమేమిటి? చెబుతాను వినండి.

బొచ్చు. వసంతకాలంలో ఒకసారి, ఆకులు రాలేటప్పుడు ఒకసారి బ్రూనో ఒంటి లోపలి బొచ్చంతా రాల్చేస్తుంది. అప్పుడు నేను ఊడ్చి పోగేస్తే ఇంకో చిన్న కుక్క తయారవుతుంది. చారులో బొచ్చు, చీర కుచ్చెళ్ళలో బొచ్చు, దేవుడి దగ్గర వత్తిలో బొచ్చు. తరవాత చొంగ. ఒట్టో తల విదిలిస్తే గోడకి చొంగ, ఎత్తున ఉన్న అద్దానికి చొంగ. వారపత్రికకి పంపవలసిన నా సీరియల్ నాలుగో భాగం మీద తల ఆనించి పడుకుంటే, కథానాయిక పెళ్ళిచూపులంతా అలుక్కుపోయాయి. తరవాత తిండి. బియ్యం బస్తాలు మోసినట్టు తిండి బస్తాలు మొయ్యాలి. తరవాత పన్ను. ఇక్కడ కుక్కకి ఊరివాళ్ళకి ఏటేటా పన్ను కట్టాలి. బెర్లినులో అయితే మొదటి కుక్కకి 120 యూరోలు, ఆ పైన ఒక్కొక్కదానికీ 180. ఆఖర్న నడక. ఈ దేశంలో చట్టమే ఉంది: కుక్కని చాలినంతసేపు ఆరుబయట తిప్పాలి. నాకు భలే ముచ్చటేసింది. కుక్క చాలినంతసేపు బయటికి పోవాలని చట్టం చేశారు సరే, దానితో పోవలసింది పెళ్ళామేనని ఏ చట్టంలోనూ లేదు. అయినా మొదటి మూడేళ్ళూ పోయింది నేనే.

ఎందుకు? మా ఆయన నెలలో పది రోజులు ఊళ్ళు తిరుగుతారు. ఇంట్లో ఉన్న రోజుల్లో, "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, రాసుకోవడమేగా" అనేవారు. మంచిమనిషే సుమండీ, కోపం తెలీదు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకునేది. గట్టిగా అడిగితే, "నీకు చిన్నప్పటి నుంచి కుక్కలు అలవాటు లేదు కదా, అందుకే కష్టంగా ఉంది" అనేవారు. చూశారా? నేను చాకిరీ గురించి అడిగితే ఆయన సంస్కృతి గురించి జవాబు చెప్పారు. చీపురు ఎవరు పట్టుకోవాలంటే, మీ తాతలు కుక్కల్ని ముట్టుకోలేదు కదా అన్నట్టు.

ఇంతలో ఒక రాత్రి వచ్చింది. ఆయన ఊళ్ళో లేరు. పదకొండు దాటాక ఒట్టో ఒకచోట నిలవకుండా తిరగడం మొదలెట్టాడు. వాంతి చేసుకోబోతాడు, ఏమీ రాదు. డొక్కలు చూస్తే డప్పులా బిగిశాయి. గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి పొట్టలో గాలి చేరి, పొట్ట మెలిపడిపోయే జబ్బు వస్తుందనీ, గంటల్లో ఆపరేషను చెయ్యకపోతే బతకవనీ ఎక్కడో చదివాను. అరవై కిలోల జీవాన్ని నేనేం ఎత్తను? పక్కింటి ముసలాయన తలుపు కొట్టాను. ఇద్దరం దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని కారులోకి చేర్చాం. రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కూచున్నాను, ఒంటి మీద నైటీ, పైన కోటు, కాళ్ళకి రెండు వేరువేరు జోళ్ళు. తెల్లవారుజామున డాక్టరమ్మ బయటికి వచ్చి, పొట్ట సరిచేసి, మళ్ళీ తిరగకుండా లోపలి గోడకి కుట్టేశామంది. అప్పుడు ఏడ్చాను. అన్నయ్య ఇంజక్షన్ల నాడు ఏడ్చినట్టే ఏడ్చాను.

ఈ కథ విన్నవాళ్ళందరూ ముక్తకంఠంతో ఏమన్నారో తెలుసా? "చూశావా! చివరికి నువ్వూ కుక్కల మనిషివైపోయావు!" మా ఆయన కళ్ళనీళ్ళతో నా చేతులు పట్టుకుని, "నాకంటే నీకే వాడంటే ఎక్కువ ప్రేమ" అన్నారు. ఇదే నేను ఇలాంటి పత్రికలకి రాసే కథైతే అక్కడే శుభం కార్డు వేసేదాన్ని. పాఠకులు కూడా సంతోషించేవారు.

కానీ ఆ శుభం కార్డే అసలు మోసం. ప్రేమ ఉందని తేలగానే పని ఎవరిదన్న ప్రశ్న చచ్చిపోతుంది. బిడ్డంటే ప్రేమ లేదా? అయితే రాత్రిళ్ళు నువ్వే లే. అత్తగారంటే గౌరవం లేదా? అయితే మంచం దగ్గర నువ్వే ఉండు. కుక్కంటే ప్రేమ పుట్టిందిగా? అయితే పలుపు నువ్వే పట్టుకో. మగవాడి ప్రేమ మాటల్లో ఉన్నా చెల్లుతుంది. మన ప్రేమకి మాత్రం ప్రతిరోజూ ఒళ్ళు వంచి సాక్ష్యం చెప్పాలి. ఒట్టోగాడంటే నాకు ప్రాణమే, కాదనను. ఆ ప్రాణాన్ని చీటీగా రాయించుకుని జీవితాంతం చాకిరీ వసూలు చేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

2024 వేసవిలో మా అమ్మ వచ్చింది. మొదటిరోజే గుమ్మంలో ముగ్గు వేస్తే బ్రూనో దాని మీద బోర్లా పడుకుని, లేచి, ముగ్గంతా పొట్టకి అంటించుకుని ఇల్లంతా తిరిగింది. అమ్మ నోరు నొక్కుకుంది. వంటింటికీ, దేవుడి గదికీ పసిపిల్లలకి పెట్టే అడ్డు తలుపులు పెట్టాం. ఆవిడ మడి ఆవిడది. దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కుక్కలు కూడా రెండు రోజుల్లో నేర్చుకున్నాయి. నేర్చుకోవడం కుక్కలకి కష్టం కాదండీ.

ఒక సాయంత్రం మా అత్తగారు కూడా వచ్చారు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. ఇద్దరు తల్లులూ పెరట్లో కుర్చీలు వేసుకుని కూచున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో నేను. నేను బస్తా మోసుకురావడం, గిన్నెలు కడగడం, నీళ్ళు పెట్టడం అమ్మ చూస్తూ ఉంది. ఉన్నట్టుండి అంది: "మీ నాన్నగారు ఆవుని కొన్న రోజులు గుర్తొస్తున్నాయే. పెరట్లో ఆవుంటే లక్ష్మి అని మోజుపడి తోలుకొచ్చారు. నాలుగింటికి లేచి పేడెత్తింది నేను, కుడితి పెట్టింది నేను, ఈనితే రాత్రంతా కాచుకున్నది నేను. వీధిలో అందరూ మాత్రం గోసేవ చేసుకుంటున్న పుణ్యాత్ముడని ఆయనకి దణ్ణాలు పెట్టేవారు. పుణ్యం ఆయనకి, పేడ నాకు."

నేను ఈ మాటల్ని జర్మనులోకి మార్చి చెప్పాను. మా అత్తగారు ఒక్క నిమిషం ఆగి, పకపకా నవ్వారు. వాళ్ళాయనకి వేట కుక్కలట. ఊరంతా ఆయన కుక్కలు, ఆయన కుక్కలు అని మెచ్చుకునేవారట. వాటికి గంజి కాచి పోసిందీ, బురద కాళ్ళు తుడిచిందీ, పిల్లల్ని పెడితే కూచున్నదీ ఈవిడ. "మా అబ్బాయి కుక్కల మధ్య పెరిగాడు, నిజమే. వాటి పని మాత్రం వాడి కంటపడనే లేదు. నేను వాడు లేవకముందే ముగించేసేదాన్ని. తప్పు నాదే" అన్నారు.

ఇంకేం కావాలి చెప్పండి? ఒక తల్లి గోదావరి గట్టున, ఒక తల్లి ఈ చలిదేశంలో. ఒకరిది ఆవు, ఒకరివి కుక్కలు. దేవుళ్ళు వేరు, తిండి వేరు, భాష వేరు. ఒక్కటి మాత్రం సరిగ్గా ఒకటే: మోజు మొగుడిది, మోత పెళ్ళానిది. రెండు సంస్కృతుల మధ్య పెద్ద అగాధం ఉందని నాకు ఇన్నేళ్ళూ పాఠాలు చెప్పినవాళ్ళు ఈ ఒక్క విషయంలో వాటి మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లేదని ఎందుకు చెప్పలేదో!

ఆ రాత్రే కాగితం తీశాను. తెల్లవారు నడక ఆయనది. సాయంత్రం నడక నాదీ పిల్లాడిదీ. శనివారం దువ్వడం ఆయనది. ఊరెళితే, నడిపించే మనిషికి డబ్బు ఆయన జేబులోంచి. తిండి బస్తాలు ఆయన మోత. వంటిల్లూ దేవుడిగదీ కుక్కలకి నిషేధం, నా రాతబల్ల కూడా. మూడు వారాలు వాదించారు. "ప్రేమలో లెక్కలేమిటి" అన్నారు. "లెక్కలు వెయ్యకపోతే బాకీ ఎవరిదో తెలీదు" అన్నాను. ఒప్పుకున్నారు.

దీని ఫలితం వినండి. అంతకుముందు ఏడాది నుంచి ఆయన మూడో కుక్కపిల్ల కావాలని కలవరిస్తున్నారు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో మూడుండేవి, అది మా పద్ధతి అనేవారు. ఆ చలికాలం, సున్నాకి అయిదు డిగ్రీలు కిందికి పోయిన చీకట్లో పొద్దున్నే ఆరింటికి, రెండు చేతులకీ రెండు పలుపులు చుట్టుకుని, మంచు మీద జారుతూ నడిచారు. ఫిబ్రవరి నెల్లో ఒకరోజు కాఫీ తాగుతూ తనంతట తనే, "రెండు చాలులే" అన్నారు. సంస్కృతి మారలేదు, పని చేతులు మారింది, అంతే.

ఇదంతా పరదేశపు ముచ్చట, మాకెందుకు అంటారేమో. కిందటిసారి బెజవాడ వచ్చినప్పుడు ఒక అపార్టుమెంటులో సెయింట్ బెర్నార్డుని చూశాను. ఆల్ప్స్ మంచుకొండల కుక్క. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. ఏసీ గదిలో నాలిక వేలాడేసుకుని పడుంది. ఇంటాయన దాని ధర చెప్పి మురిసిపోయాడు. సాయంత్రం దాన్ని కిందికి తీసుకుపోయింది మాత్రం పనిమనిషి. ఆ పిల్ల బరువు ఆ కుక్క బరువులో సగం ఉంటుందో ఉండదో. దానికి విడిగా జీతం ఇస్తున్నారా అని ఇల్లాలిని అడిగితే, "ఎలాగూ ఇంట్లో పనే కదండీ" అంది. నాకు ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది.

అందుకని ఇప్పుడు మా అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేదొక్కటే. పరాయి దేశం మనిషిని చేసుకుంటారో, పక్కవీధి మనిషినే చేసుకుంటారో మీ ఇష్టం. కుక్కని తెస్తాడో, ఆవుని తెస్తాడో, అక్వేరియం చేపల్నే తెస్తాడో ఆయన ముచ్చట. తెచ్చే ముందు ఒక్క మాట అడగండి, దీని కింద ఎవరు శుభ్రం చేస్తారని. జవాబుగా వంశం గురించి, దేశం గురించి, ఆచారం గురించి ఉపన్యాసం మొదలైతే అది జవాబు కాదని గ్రహించండి. మళ్ళీ అడగండి.

మా అమ్మ ప్రతి ఆదివారం ఫోను చేస్తూనే ఉంది. మోకాలి నెప్పీ, పెళ్ళి సంబంధాలూ అయ్యాక ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది. కాకపోతే ప్రశ్న మారింది.

"ఏమే, ఇవాళ పొద్దున్న ఆ రెండిటినీ ఎవరు తిప్పారు?"

"నీ అల్లుడే."

"ఊఁ" అని పెట్టేస్తుంది.